రెండువేల నాలుగు వందల పిన్నులు

హలో… ఆ, నేనే సారు, అనసూర్యనే… సదానందం ఇంటామెనే. చెప్పుండ్రి.

ఎవలు?… ఓ, సుధాకర్ సారా! మ్యూజియం సారు! నంబరు కొత్తగుంటే గుర్తువట్టలే. బాగున్నరా సారు?

… లే లే, మంచిగనే ఇనవడుతుంది. కరెంటు పోయింది, సాంచాలు బందున్నయి. లేకుంటే మా షెడ్డుల ఫోన్ మోగినా ఇనవడది, మనిషి మొత్తుకున్నా ఇనవడది.

… ఆ, మీరు మరమగ్గాలు అని రాసుకోండ్రి. మేమైతే సాంచాలే అంటం.

… ఆయిననా? ఇక్కడ్నే ఉన్నడు, నా పక్కకే కూసున్నడు. ఫోన్ ఇస్తే ఏం లాభం సారు, ఆయినకు చెవులు ఇనవడయి గదా. ముప్పై ఏండ్లు సాంచాల నడుమ నిలవడ్డంక ఇంకేం ఇనవడుతది. ఏదున్నా నాకే చెప్పుండ్రి. నేను మూతి తిప్పి చెప్త, ఆయిన చూసి సమజ్ చేసుకుంటడు.

… రేపు పొద్దుగాల పది గంటలకు, ఆయిన చేసిన మిషిను ప్రదర్శన. తెలుసు సారు, ఎట్ల మర్చిపోతం? వారం నుంచి ఇంట్ల గదే ముచ్చట. తెల్లంగి ఇస్త్రీ చేపిచ్చుకున్నడు. చేపిచ్చుకొని ఇయ్యాల్నే తొడుక్కున్నడు. రేపటిదాక నలుగుతదయ్యా అంటే, నలగకుంట కూసుంట అంటుండు. పొద్దటి సంది గోడకు ఒరుగుతలేడు.

… ఆగు, ఆగు. మీకు గాదు సారు, ఆయినకు. ఏమంటున్నరు, ఏమంటున్నరు అని నా చెయ్యి గుంజుతుండు. — మ్యూజియం సారు! రేపటి ముచ్చట! కూసో!

… ఆ, చెప్పుండ్రి. ఫోటోనా? మొన్ననే వాట్సాప్ల పంపిన గదా సారు.

… గడ్డమా?

… మా ఆయినకు గడ్డం లేదు. ఎన్నడు లేదు. ఆదివారం ఆదివారం గీకిచ్చుకుంటడు.

… ఓ, మా ఆయినదని మీరు నిలవెట్టే బొమ్మకున్నదా. నిలువెత్తు బొమ్మ… ఫైబరుది… కోటు గూడ ఉన్నదా? కండ్లద్దాలు గూడనా?… వేలు ఆకాశం దిక్కు చూపిస్తుందా?

… సారు, జర తప్పుగ అనుకోకుండ్రి. గా బొమ్మ ఎవలిది?

… గట్లనా. ఇంకెవలికో చేపిచ్చిండ్రు. గాయిన పేరు లిస్టుల నుంచి ఎగిరింది, బొమ్మ మిగిలింది.

… లే సారు, నేనేం అంటలే. కొత్తది చేపియ్యాలంటే మళ్ల మంజూరు కావాలె, గది సమజైంది. … 'సైంటిస్టు అంటే జనానికి చూడంగనే తెల్వాలె.' అవు, అదీ నిజమే. మా ఆయినను చూస్తే సాంచాలు నడిపేటోడనే తెలుస్తది.

… రేపటికి గడ్డం పెంచుమంటరా?! ఒక్క రాత్రిల ఎంత మొలుస్తది సారు, గది కొత్తిమీర మడి గూడ గాదు.

… సరే సరే. రేపు గీకిచ్చుకోవద్దని చెప్త. గంతవరకైతే నాతోని అయితది.

… రాయి? ఏం రాయి?… ఆ, మిషిను కింద పీఠం. గ్రానైటు సేటు ఇచ్చిన రాయి. … ఓయవ్వ! మా అర్ర అంత ఉన్నదా? … క్రేను వెట్టి దించిండ్రా. … మీరే అంటిరి గదా అప్పట్ల, సేటు పైసలు ఇయ్యనన్నడు, రాయే ఇస్తనన్నడు అని.

… పేరు చెక్కిచ్చిండ్రా? చదువుండ్రి, ఇంట.

… గది సేటు వాళ్ల నాయిన పేరు గదా సారు.

… ఆహా. రాయి ఎవలిదో పేరు వాళ్లది. మరి మా ఆయిన పేరు?… పక్కకు. అట్టముక్క మీద. … అట్ట గాదా, అక్రిలిక్కా? గదేదో గది. కనవడుతదా?… ఒంగి చూస్తే కనవడుతది. మంచిది సారు. మిషిను చేసినోని కాడ జనం జర ఒంగితే తప్పేమున్నది.

… చిన్నగ కనవడుతుందా? మిషినా?

… రాయి పెద్దగైంది కాబట్టి మిషిన్ను జర పెద్దగ చేయాల్నా?!

సారు… గది సాంచెకు కొలతవెట్టి చేసింది. రాయికి కొలతవెట్టి చేసింది గాదు.

… సరే, సరే. మీ పరేషాన్ మీది. మేడం ఒత్తుతుందా… హైదరాబాద్ డిజైన్ మేడం. ఆమె ఏం రాసిందో గది గూడ చదువుతరా? మా మిషిను గురించి రాసిన బోర్డు.

… 'నవకల్పన.' గా మాట మా వాడకట్టుల ఎవలికి నోరు తిరుగుతలేదు సారు. ఆయిన ఒక్కడే అద్దం ముంగట నిలవడి నేర్చుకుంటుండు. … ఊఁ… 'ప్రత్యేక లోహ సూచికలు'?

గవేంది సారు?

… తల పిన్నులా! కొప్పుకు వెట్టుకునే పిన్నులకు గా పేరా!

… తల పిన్నులని రాస్తే మర్యాదగుండదా. … మరి గవి తల పిన్నులే గదా సారు. పోగు మీద ఒక పిన్ను. రెండువేల నాలుగు వందల పోగులు, రెండువేల నాలుగు వందల పిన్నులు. సాంచె నడుస్తుంటే ఏ పోగు తెగినా దాని మీది పిన్ను కింద వడుతది, ఇత్తడి పట్టీకి తగులుతది, ఎర్ర బల్బు వెలుగుతది, సాంచె ఆగుతది. గంతే. మా శంకరవ్వకు చెప్తే ఒక్కసారికే సమజైంది. మీ బోర్డు చదివితే నాకే సమజైతలేదు.

… సగం దుకాన్ల కొన్నడు. సగం మా వాడకట్టు ఆడోళ్లను అడిగి తెచ్చిండు. శంకరవ్వ ఇచ్చింది, భూమవ్వ ఇచ్చింది… ఆర్నెల్లు మా గల్లీల అందరు కొప్పులకు దారాలే కట్టుకున్నరు సారు. రేపు ఇద్దరు బస్సెక్కి వస్తమంటున్నరు, అద్దాల పెట్టెల మా పిన్నులు చూస్తమని.

… పాసు ఉండాల్నా?

… వాళ్ల పిన్నులు లోపలికి పోవచ్చు గని, వాళ్లు పోవద్దా?

… సరే, అడిగి చూడుండ్రి. మరి మా ఆయినకన్న కుర్చీ ఉన్నదా? … స్టేజీ మీద పదకొండు. పదకొండూ నిండినయి. … రాయి ఇచ్చినాయిన, అద్దం ఇచ్చినాయిన, టెంటు ఇచ్చినాయిన… ఆ. ఆ. … కింద? … ఐదో వరుస.

… శాలువ అయితే కప్పుతరు గదా సారు? గది ఒక్కటి నిజమేనా? … మంత్రిగారి చేతుల మీదనేనా? … చాలు సారు. గది చాలు. ఆయినకు కుర్చీ లేకున్నా నిలవడి అలవాటే. శాలువ ముచ్చట మాత్రం ఊరంత చెప్పుకున్నడు.

… ఆ, కప్పుతరట! కప్పుతరట! కూసో! — మీకు గాదు సారు.

సారు, మీరు ఫోన్ చేసిండ్రు గాబట్టి, నాదొక ముచ్చట. మా మిషిను తీస్కపోయి మూడు నెలలాయె. 'పదిహేను రోజులల్ల మీకు కొత్త పిన్నులు, కొత్త పట్టీలు ఇప్పిస్తం, ఇంకోటి చేసుకోండ్రి' అంటిరి. ఏది సారు?

… ఊఁ… అద్దాల పెట్టెకు పైసలు ఉన్నయి. లైట్లకు ఉన్నయి. టెంటుకు ఉన్నయి. టిఫిన్లకు ఉన్నయి. … మిషినుకే లెవ్వా?

… ఏమంటుండ్రు? 'వస్తువు ముందే ఉన్నదని అనుకొని రాసిన బడ్జెట్టు.' ఉన్నది సారు, ఎక్కడ్నో గాదు, మా ఇంట్ల ఉండె.

… ఫికర్ చెయ్యకంటే ఎట్ల సారు? జర మా తిప్పలు ఇనుండ్రి. మాకు నాలుగు సాంచాలు. మూడింటి మీద మోటు గుడ్డ. నాలుగోదాని మీద సన్ననూలు. సన్ననూలు ఊకె తెగుతది, కండ్లతోని పట్టుకుంట కూసుండే పని గాదు. గా మిషిను ఉన్నదనే, నూలిచ్చి కూలికి నేపిచ్చుకునే లక్ష్మీరాజం ఆసామి మాకు సన్ననూలు ఇచ్చిండు. ఇల్లు దానిమీదనే నడుస్తుంది. మీరు దాని కండ్లు తీస్కపోయిండ్రు. మూడు నెలల సంది నేను దాని ముంగట గుడ్లప్పగించుకొని నిలవడుతున్న. అయినా గుడ్డల గీతలు వడుతున్నయి, ఆసామి కూలి కోస్తుండు. సోమవారం దాక చూస్తనన్నడు. గంతే, నూలు ఇంకొకలకు పోతది.

… అయ్యో పాపం అనుడు గాదు సారు. ప్రదర్శన అయినంకనన్న మా మిషిను మాకు ఇస్తరా?

… ఇయ్యరా?

… ఎందుకు?… రేపు మంత్రిగారు మొదలువెట్టంగనే రిజిస్టర్ల ఎక్కుతది. ఎక్కితే ఇగ సర్కారుది. … మళ్ల ఎన్నడు బయటికి రాదా. … వందేండ్లా! వందేండ్లు భద్రంగ ఉంటదా! మేముండాలె గదా సారు అప్పటిదాక.

… ఆ. చెప్పుండ్రి. … నేను గదే అనుకుంటున్న, గడ్డం ముచ్చటకు మీరు ఫోన్ చెయ్యరు అని. అసలు సంగతేంది?

… వెలుగుతలేదా?

… బల్బు వెలుగుతలేదా! నిరుడు దసరకు వెట్టిండు సారు, పోగు తెగితే ఒక్కసారన్న వెలుగకుంట ఉండలే! రెండు నెలల కింద మీకాడికి వచ్చి మీ మ్యూజియం సాంచెకు మా ఆయినే బిగిచ్చి, మీ ముంగట నడిపి చూపెట్టిండు గదా. అందరు చప్పట్లు కొట్టిండ్రని వచ్చి చెప్పిండు.

… మెల్లగ చెప్పుండ్రి. రేపు రిబ్బను లేదు. మంత్రిగారు కత్తెరతోని పోగు కత్తిరిస్తరు. పోగు తెగంగనే సాంచె ఆగాలె, బల్బు వెలుగాలె, ఫోటోలు దిగాలె. … మంచిగున్నది, మేడం బుర్రనా? … ఇయ్యాల పొద్దటి సంది యాభై పోగులు కత్తిరిచ్చిండ్రు, బల్బు వెలుగలే.

… వైరు ఊడిందేమో చూసిండ్రా?… చూసిండ్రు. బల్బు మార్చిండ్రా?… మూడుసార్లు. … పిన్ను కింద వడుతుందా? … వడుతుంది. పట్టీకి తగులుతుందా?… తగులుతుంది. మరి వెలుగాలె గదా సారు. మా ఆయిన పోయినంక ఎవలన్న చెయ్యివెట్టిండ్రా?

… తుడిచిండ్రు. సరే. … ఇంకా?

… రంగా?

… ఏం రంగు సారు?

… బంగారు రంగు. … అన్నిటికా? ఒక్కొక్క పిన్నుకు… ముంచి… రెండుసార్లు. … 'ఫోటోల మెరవాలె' అన్నదా మేడం. … ఇత్తడి పట్టీకి గూడ ఏసిండ్రా.

…

… ఉన్న సారు. లైన్లనే ఉన్న.

… ఏం లేదు. ఊకెనే. … మెరుస్తుందా మరి? … మెరుస్తది, మెరుస్తది.

… మా ఆయినను పంపాల్నా? రేపు ఎనిమిదింటికే? … బాగుచేసెటందుకు గాదా? మరి?

… పరద ఎన్క?

… సారు, మళ్ల ఒక్కసారి చెప్పుండ్రి. సాంచె ఎన్క పరద కడుతరు. పరద ఎన్క మా ఆయినను కూసుండవెడుతరు. చేతికి ఒక స్విచ్చి ఇస్తరు. మంత్రిగారు ముంగట పోగు కత్తిరియ్యంగనే మా ఆయిన ఎన్క స్విచ్చి ఒత్తాలె. … బల్బు వెలుగుతది.

… ఆయిన చేసిన మిషిను పనిచేస్తుందని చూపెట్టెటందుకు ఆయిననే దొంగోని తీరు పరద ఎన్క కూసోవాల్నా సారు?

… ఎవలికి తెల్వదు, నిజమే. … ఎప్పుడు ఒత్తాల్నో ఎట్ల తెలుస్తది? … మీరు 'ఇప్పుడు' అని పిలుస్తరా?

ఆయినకు ఇనవడది సారు. గందుకే గదా బల్బు వెట్టింది.

… అవు. సాంచాల మోతల గంట వెడితే ఎవలికి ఇనవడుతదని బల్బు వెట్టిండు. ఇగ మీరు ఆయినను పిలువాలంటే పరద ఎన్క ఇంకో బల్బు వెట్టాలె. దానికో మనిషి. గా మనిషికో పరద.

… నవ్వుతలేను సారు. సత్తెంగ నవ్వుతలేను.

… మరి గది గూడ కాకుంటే?… తెరనా? పెద్ద టీవీ తెర. దాని మీద బొమ్మల పోగు తెగుతది, బొమ్మల బల్బు వెలుగుతది. … టీవీల మంచిగ పనిచేస్తుందా? … మంచిగ పనిచేస్తుందట.

… తెరకు పైసలున్నయా? … వేరే పద్దుల ఉన్నయి. సంతోషం.

ఒక్కమాట అడుగుత సారు. తెర వెడితే మా మిషినును ఏం చేస్తరు? … పక్కకు తీసేస్తరు. స్టోర్ల వెడుతరా? … వెట్టద్దా? స్టోర్ల వెడితే రిజిస్టర్ల ఎక్కియ్యాలె, పనిచెయ్యంది ఎక్కిస్తే పైనోళ్లు అడుగుతరు. … అంటే పనికిరానిదని రాసి బయటికి పంపుతరా?

… ఎవలు తెచ్చిండ్రో వాళ్లకే. … ఊఁ. ఊఁ.

… ఎత్తుండ్రి, ఎత్తుండ్రి. మంత్రిగారి పీయే ఫోనైతే ఎత్తాలె గదా. నేను లైన్లనే ఉంట.

— ఇగో. ఇటు చూడు. నా మూతి దిక్కు చూడు. సారు వేరే ఫోన్ల ఉన్నడు, జల్ది చెప్త. బల్బు వెలుగుతలేదట. … లే, నీ తప్పేం లేదు, ఇను! పిన్నులకు రంగేసిండ్రట. బంగారు రంగు. … ఆ, అన్నిటికి. పట్టీకి గూడ. … నవ్వకు! సారుకు ఇనవడుతది, నవ్వకు! … గంతే గదా, నేను గూడ గదే అనుకున్న. రంగు అడ్డమున్నంక కరెంటు ఎట్ల పోతది. కిరసనాయిలు వెట్టి రుద్దితే పోతదా? … మనిద్దరికి రెండు రోజుల పని. వాళ్లు పదిమంది ఉన్నరు, చెప్తే తెల్లారేసరికి రుద్దుతరు.

ఇను. రంగు సంగతి చెప్తే రేపు బల్బు వెలుగుతది. మంత్రి నీకు శాలువ కప్పుతడు, పేపర్ల ఫోటో వస్తది. మిషిను గాడనే ఉంటది. ఇగ మనకు రాదు. చెప్పకుంటే వాళ్లు టీవీ వెట్టుకుంటరు. శాలువ లేదు, ఫోటో లేదు. మిషిను ఇంటికొస్తది.

… నన్నడుగకు. నాకేం కావాల్నో నీకు ఎరుకే. గని నేను చెప్ప. నువ్వు చేసిన మిషిను, నువ్వే చెప్పు. … ముప్పై ఏండ్లల్ల నిన్ను ఎవలన్న మంచిగ చేసినవు అన్నరా? నేను గూడ అనలే. పిన్నులు ఏరుకుంట కూసుంటే పిచ్చి లేసిందా అన్న. గందుకే అంటున్న, నీకు శాలువ కావాలంటే పోయి కప్పుకో. నేను ఒక్కమాట అన. సోమవారం సంగతి సోమవారం చూద్దం.

… ఏంది? ఎటు లేస్తున్నవు?

… అంగి ఎందుకు ఇప్పుతున్నవు?

… ఓ.

… దండెం మీద వెయ్యకు, నూనె అంటుతది. మడతవెట్టి పెట్టెల వెట్టు. … ఆ, ఏడుస్తున్న. ఏమైతది, జర ఏడ్వనియ్యి.

— ఆ సారు! ఉన్న, ఉన్న. … అడిగిన. మా ఆయిన ఏమంటుండంటే — మా ఇంటికాడ వెలుగుతుండె, మీకాడ వెలుగుతలేదు, ఇగ తీసెయ్యుండ్రి అంటుండు.

… లే సారు, కోపమేం లేదు. మీ తెరనే మంచిగుంటది. దానికి నూనె వెట్టే పని గూడ లేదు.

… రాసుండ్రి. 'పనికిరాదు' అని రాసి, సంతకం వెట్టి, నాకు వాట్సాప్ల కొట్టుండ్రి. … ఇప్పుడే కొట్టుండ్రి సారు, మళ్ల మీకు పని వడుతది. … అవు, మంత్రిగారు రాకముందే తీస్కపోతం, పాత ఇనుము ఆయిన కండ్ల వడొద్దు. ఏడింటికి? … ఎన్క గేటుకు. పాసు లేకుంటనే రానిస్తరా? … సామాను బయటికి తీస్కపోయెటోళ్లకు పాసు అక్కరలేదా. బాగున్నది. అయితే శంకరవ్వను, భూమవ్వను గూడ తోల్కొస్తం.

… వచ్చింది సారు, ఫోన్ల టింగుమన్నది. … సంతకం గూడ ఉన్నది.

… పేరా? పేరు ఉండనియ్యుండ్రి. ఒంగి చూసేటోళ్లు చూస్తరు.

… శాలువనా? కొన్నరా అప్పుడే? … వాపసు తీసుకోరా దుకాన్ల. … బొమ్మకు కప్పుండ్రి సారు. కోటు మీద మంచిగుంటది. గా బొమ్మ స్టేజీ మీద నిలవడుతది గూడ, కుర్చీ అడుగది.

… మంచిగున్నదా? … నిజంగనే కప్పుతరా?! … ఫోటోల గూడ కుదురుతది అంటరా. … మీ ఇష్టం సారు. గడ్డం గూడ ఉండె.

… ఇంకోటా? అడుగుండ్రి… మా ఆయినకు ఏమన్న అనుమానమా, దేని మీద?… ఎందుకు వెలుగలేదో—

— కరెంటు వచ్చింది! — సారు, కరెంటు వచ్చింది! … ఏందీ?… ఇనవడుతలేదు!… సాంచాలు మొదలైనయి సారు, ఇగ ఏం ఇనవడది!… ఏం రంగు?… గట్టిగ అనుండ్రి!… లే సారు, మీరు మొత్తుకున్నా గంతే! నేను గూడ మా ఆయిన తీరే ఇప్పుడు!… ఉంట! రేపు ఏడింటికి! ఫోన్ కింద వెడుతున్న—

— ఓ! ఇటు చూడు! నా మూతి చూడు! నాలుగోది నడుపకు! … బందువెట్టు, బందువెట్టు! రేపు దాని కండ్లు దానికొస్తయి!